చూరు దాటని ఉత్తరం

ఏటా వానలు వెనకబట్టాక, ఎండ నిలకడగా కాసే మొదటి వారంలో తాతయ్య పెట్టె తెరుస్తాను. మూత ఎత్తగానే వస కొమ్ముల ఘాటు, ఎండు వేపాకు పొడి, వాటి అడుగు నుంచి నెమ్మదిగా లేచే పాత కాగితం వాసన గది నిండా పరుచుకుంటాయి. చెరువు ఎండినప్పుడు అడుగు మట్టి నుంచి వచ్చే వాసన లాంటిదది. ఉత్తరాలను ఒక్కొక్కటే తీసి తెల్ల గుడ్డ మీద పరిచి, మడతల్లో పురుగు చేరిందేమో చూసి, వేపాకు మార్చి, మళ్లీ అదే వరుసలో సర్ది, ఆ సంగతి డైరీలో ఒక ముక్క రాసుకుంటాను. లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైన మనిషిని. వరుస తప్పితే నాకు నిద్ర పట్టదు.

ఈ ఏడు ఆ పనిలో ఉండగా తాడేపల్లిగూడెం నుంచి ప్రదీప్ అనే అబ్బాయి ఏలూరులో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చేసేది బ్యాంకు ఉద్యోగం, పిచ్చి మాత్రం స్టాంపులు పుట్టకముందు నాటి తపాలా మీద. చేతులు కడుక్కుని, తడి ఆరేదాకా ఆగి, నన్నడిగాకే ఉత్తరం ముట్టుకున్నాడు. ఆ రోజుల్లో కవర్లనేవి ఉండేవి కావు. రాసిన కాగితాన్నే మడిచి, లక్కతో అతికించి, పైన చిరునామా రాసేవారు. పంపినవాళ్లే కూలి కట్టేస్తే ఎర్ర సిరా గుర్తు, పుచ్చుకునేవాళ్లు కట్టాలంటే నల్ల సిరా గుర్తు వేసేవారు. అతను ఒక్కో ముద్ర దగ్గరా ఆగి, "ఇది బందరు ముద్రండీ, ఇంత చక్కగా పడ్డది నేనెక్కడా చూళ్లేదు" అంటుంటే, తాతయ్య ఉంటే ఎంత పొంగిపోయేవారో కదా అనుకున్నాను.

మధ్యలో వసారాలో ఫోను మోగింది. "మీదేనాండీ?" అన్నాడతను లేవబోతూ. "నాదే. మోగి మోగి అదే ఆగుతుంది లెండి" అన్నాను.

వెళ్లేముందు వసారాలో చెప్పులు తొడుక్కుంటూ తల పైకెత్తి చూశాడు. మా చూరు కింద, వాన జల్లు తగలని మూల, నల్లబడిన వెదురు గొట్టం ఒకటి వేలాడుతూ ఉంటుంది. దాని చుట్టూ రంగు వెలిసిన దారాలు, ఒకదాని మీద ఒకటి, పిచ్చుక గూడంత లావున. అందులోనూ ఉత్తరమే ఉందని చెప్పాను. "మరి బయట పెట్టారేంటండీ?" అని అడిగాడు. అందుకు జవాబు చెప్పాలంటే నేను లంగాలు కట్టుకున్న రోజుల్లోకి వెళ్లాలి.

మా నాన్నగారి ఉద్యోగం తాడేపల్లిగూడెంలో. వేసవి సెలవులు ఇవ్వగానే, ఊరంతా ఉల్లిపాయల మూటల వాసన కొట్టే గూడెం వదిలి, పాసింజరులో దెందులూరు దిగి, అక్కణ్ణుంచి తాతయ్య పంపిన ఎడ్లబండిలో కొల్లేటి గట్టున ఉన్న మా ఊరికి చేరేవాళ్లం. వేసవిలో కొల్లేరు వెనక్కి వెనక్కి తగ్గిపోయి, పగుళ్లిచ్చిన నల్లమట్టినీ, నిలువెత్తు కిక్కిస గడ్డినీ వదిలేసి ఎక్కడో దూరంగా తగరపు రేకులా మెరుస్తూ ఉండేది. మధ్యాహ్నం వేళ గాలి అటు తిరిగితే ఎండు చేపల వాసన, ఇటు తిరిగితే ఎవరింట్లోనో మామిడి తాండ్ర ఆరబెట్టిన చాపల వాసన వచ్చేవి. ముంజలు తిన్న వేళ్లతోనే మొహాలు తుడుచుకుని, గూడబాతులు గుంపుగా వాలినప్పుడల్లా గట్టు మీదికి పరుగెత్తేవాళ్లం. సాయంత్రం అయ్యేసరికి నీళ్ల మీద నుంచి ఒక పొగలాంటిది లేచి గడ్డి మధ్యగా ఊరి వైపు వచ్చేది. అది గట్టు ఎక్కకముందే మామ్మ మమ్మల్నందరినీ లోపలికి పిలిచేది. ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

తాతయ్య ఏలూరు రిజిస్ట్రాఫీసు దగ్గర దస్తావేజులు రాసేవారు. పాత పత్రాలు చూడ్డానికి ఇంటింటి భోషాణాలూ ఆయన ముందు తెరుచుకునేవి. పొలం కాగితాల మధ్య కంపెనీ నాటి ఉత్తరం కనపడితే చాలు, దాన్ని బతిమాలి తెచ్చుకునేవారు. తెచ్చినదాన్ని ఏ దారిన వచ్చిందో ఆ దారి ప్రకారం కట్ట కట్టేవారు. బందరు దారిది ఒక కట్ట, రాజమండ్రి దారిది ఒక కట్ట. తపాలా మోసే బంట్రోతులు ఈటెకు గజ్జెలు కట్టుకుని, ఆ చప్పుడుకి పాములు తప్పుకుంటుంటే, సంచీ భుజాన వేసుకుని ఈ గట్ల మీదే పరుగెత్తేవాళ్లట. నాకు మొదటి డైరీ ఇచ్చింది తాతయ్యే. "చూసింది రాయి. అనుకున్నది వేరే పేజీలో రాయి" అన్నారు. ఆ నియమం ఇప్పటికీ తప్పలేదు.

ఆయనకు ఒకటే లోటు. అన్ని కట్టల్లో పెళ్లిళ్లున్నాయి, పురుళ్లున్నాయి, కోర్టు తగాదాలున్నాయి, వాన పడలేదన్న బాధలున్నాయి. చావు కబురు మాత్రం ఒక్కటీ లేదు. "ఈ పెట్టె ప్రకారం ఈ జిల్లాలో ఎవరూ పోలేదే" అనేవారు మామ్మతో. "చింపేసుంటారండీ, బుద్ధున్నవాళ్లు" అనేది మామ్మ, కూర తరుగుతూ తల ఎత్తకుండా.

చావు ఉత్తరం గడప దాటకూడదు. మూల నల్ల సిరా పూసిన కార్డు తెచ్చిన రోజున పోస్టుమ్యాన్ పేరు పెట్టి పిలిచేవాడు కాదు. సైకిలు దిగి, వీధిలోనే తల వంచుకుని నిలబడేవాడు. ఆ మౌనానికే ఇంట్లో కవ్వం చప్పుడు ఆగిపోయేది. తాతయ్య అరుగు దిగి వీధిలోనే నిలబడి చదివి, ఎవరో ఒక్క పేరు చెప్పి, అక్కడే ముక్కలు ముక్కలుగా చింపేసి, నూతి దగ్గర కాళ్లు కడుక్కుని వచ్చేవారు. ఆ ముక్కలు తొక్కకుండా దాటడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య. మా పోస్టాట కూడా అలాంటిదే. బాదం ఆకులే ఉత్తరాలు. బొగ్గు రాసిన ఆకు ఎవరికి అందితే వాళ్లు ఆట అయ్యేదాకా వీధిలో నిలబడాలి, వాళ్లతో ఎవరూ మాట్లాడకూడదు. ఎండలో అలా ఒంటరిగా నిలబడ్డప్పుడు, అవతల ఆడుకుంటున్నవాళ్లకి నిజంగానే నేను కనపడటం లేదేమోనని భయం వేసేది.

ఒక వేసవిలో లంక గ్రామం నుంచి వెంకన్న అనే చేపల మనిషి వచ్చి, తాటాకు కప్పు పీకేసి పెంకులు వేయిస్తున్నామనీ, చూరులో పాత ఉత్తరం ఉందనీ చెప్పాడు. తాతయ్య నన్నూ తీసుకెళ్లారు. తాటి దోనెలో కిక్కిస మధ్యగా వెళుతుంటే గడ్డి మా తలల మీద కలిసిపోయి, నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఆ ఇల్లు సగం విప్పి ఉంది. వెంకన్న ఆ వెదురు గొట్టాన్ని తన చేత్తో తీయలేదు. కర్రతో తోసి తాతయ్య కండువాలో పడేలా చేశాడు. లోపల, చుట్టిన నూనెగుడ్డ మధ్యన, మడిచిన ఉత్తరం. లక్క ముద్ర చెక్కు చెదరలేదు. నల్ల సిరా గుర్తు.

"తీసుకుపోండి బాబుగారూ. దీన్ని చూస్తే మా ఆవిడ వసారాలోకి రానంటందండి" అన్నాడు వెంకన్న.

వాళ్ల పూర్వీకుడొకడు బర్మా యుద్ధానికి రంగం వెళ్లిన పటాలం వెంట మోతగాడిగా పోయాడట. కొన్నాళ్లకి బంట్రోతు ఈ ఉత్తరం తెచ్చాడు. అతని పెళ్లాం ముక్కుపుడక ఇచ్చి దాన్ని విడిపించుకుంది కానీ తెరవలేదు. చూరులో పెట్టింది. బొట్టుతోనే ముసలిదై, బొట్టుతోనే పోయింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో మగవాడు నీళ్ల మీద పోయి వేళకి రాకపోతే, అతని ఆడమనిషి గొట్టానికి దారం కట్టేది. కప్పు మార్చిన ప్రతిసారీ గొట్టం కొత్త చూరులోకి మారేది. వెంకన్న తండ్రి కూడా గాలివానలో దోనె మీద వెళ్లి రాలేదు. వెంకన్న తల్లి సూరమ్మ కట్టిన దారం ఇంకా ఎర్రగానే ఉంది. మేం వెళ్లిన రోజు ఆవిడ ఊళ్లో లేదు.

మామ్మ దాన్ని గడప దాటనివ్వలేదు. "తెరవని చావు కబురు తెచ్చి దేవుడి గదిలో పెడతారా" అంది. తాతయ్య నవ్వి అరుగు మీద చూరుకే కట్టారు. నాలుగైదు రోజులు దాని కింద కూర్చుని, చాకు మొన లక్క దాకా తీసుకెళ్లి, మళ్లీ ఆగిపోయేవారు.

ఆ రోజుల్లోనే ఒక ఉదయం పాలు పిండే వేళకి నేను అరుగు మీదికి వచ్చాను. వాన లేదు, మంచు లేదు, వాకిలి ఇంకా చల్లలేదు. వీధి నుంచి అరుగు మెట్ల మీదుగా గొట్టం కింద దాకా తడి పాదాలు. పెద్దవి, మగవాడివి. లోపలి వైపు తిరిగి ఉన్నాయి. తిరిగి వెళ్లినవి లేవు. ఎండ పడి అవి అంచుల నుంచి కుంచించుకుపోతూ, చివరికి బొటనవేళ్లు మాత్రం మిగిలి, అవీ పోయేదాకా చూస్తూ నిలబడ్డాను. డైరీలో 'నేల పొడి. పాదాలు తడి' అని రాశాను. వేరే పేజీలో రాయడానికి నాకేమీ తోచలేదు.

"నీరుకుక్క అయ్యుంటుంది" అన్నారు తాతయ్య.

"ఎవరైతేనేం, కాళ్లు కడుక్కోకుండా నిలబెడతామా" అని మామ్మ ఆ సాయంత్రం గొట్టం కింద చెంబుతో నీళ్లు పెట్టింది. తెల్లారేసరికి చెంబు ఖాళీ. కాకులు తాగి ఉంటాయన్నారు తాతయ్య.

ఆ మధ్యాహ్నమే సూరమ్మ వచ్చింది. బక్కపలచటి మనిషి, నుదుట రూపాయంత బొట్టు, మోచేతుల దాకా మట్టిగాజులు. అరుగు కిందే నిలబడి ముందుగా గొట్టం వైపు చూసి, తన దారం ఉందో లేదో చూసుకుని, అప్పుడు మాట్లాడింది. ఉత్తరం ఇల్లు దాటింది కనుక ఇంక ఆగేదేముందని కులపెద్దలు అంటున్నారట. వచ్చే అమావాస్యకి పెద్దకార్యం పెట్టి ఆవిడ గాజులు తీయిస్తారట.

"మా ఇంట్లో మగాళ్లు చావరండి అమ్మగారూ. రావడం ఆలీసం అవుద్దండి, అంతే" అంది మామ్మతో, పొద్దున కూర ఏం వండిందో చెప్పినంత మామూలుగా.

"విప్పి చదివితే నీకూ నిజం తెలుస్తుంది కదా సూరమ్మా. అది చావు కబురే కాదేమో" అన్నారు తాతయ్య.

"ఆవిడకి చదవాలని ఉంటే అప్పుడే చదివించుకునేదండి. వదిలేత్తే ఇంకోళ్లు చదివేత్తారని ముక్కుపుడక ఇచ్చి మరీ దాసిందండి. మరి మీరు చదివేత్తానంటారేంటండి బాబుగారూ?"

తాతయ్య చేతిలోని చాకు వైపు చూసుకున్నారు. మామ్మే అంది: "ఏవండీ, విప్పాక చావు కబురే అయితే మనం చింపెయ్యాలి. కాకపోతే ఈవిడ బొట్టు ఇన్నాళ్లూ దేని మీద నిలిచిందో దాన్ని చింపినట్టు. రెండు విధాలా మీ పెట్టెలోకి వచ్చేదేమీ లేదు."

పట్టుకెళ్లమంటే సూరమ్మ వద్దంది. ఇంటికి తెస్తే కొడుకు నీళ్లలో పారేస్తాడట. తన భయమంతా అదే. ఇక్కడుంటే గాజులు పోతాయి, అక్కడికి తీసుకెళితే ఉత్తరం పోతుంది. తాతయ్య చాకు మడిచి జేబులో వేసుకుని, కండువా భుజాన వేసుకున్నారు. "పద" అన్నారు. నేనూ దోనె ఎక్కాను, నన్నెవరూ దిగమనలేదు.

వలలు ఆరబెట్టిన బయల్లో పెద్దలు కూర్చున్నారు. తాతయ్య దస్తావేజు చదివినట్టే నిదానంగా చెప్పారు. తపాలా ధర్మం ప్రకారం పుచ్చుకున్నవాళ్లు విప్పి చదివేదాకా ఉత్తరం దారిలో ఉన్నట్టే. చేరని కబురుకి కార్యం చేసేవాళ్లెవరూ లేరు.

"బాగుందండి. మరి మీ ఇంట్లో ఉన్నది దారిలో ఉన్నట్టెలాగండి?" అన్నాడు ఒక ముసలాయన, చుట్ట తీసి. చుట్టూ నవ్వారు.

"మా ఇంట్లో ఎక్కడుంది? అరుగు మీదుంది. ఏలూరు సంతకి పోతూ మా అరుగు మీద నడుం వాలుస్తావే, ఎప్పుడైనా నన్నడిగావా?"

"లేదండి."

"ఎందుకడగలేదు?"

"అరుగు దారినపోయేవాళ్లదేగదండి" అన్నాడు ముసలాయన. అని, తన మాట తనకే వినపడ్డట్టు చుట్ట వైపు చూసుకున్నాడు. "మరైతే ఈ జన్మలో ఇప్పరా బాబుగారూ?" అన్నాడు.

"విప్పను" అన్నారు తాతయ్య. తన పెట్టెకున్న ఒక్క లోటూ ఇక తీరదని ఆ మాటతోనే తేలిపోయింది. తిరుగు దారిలో నీళ్ల మీద పొగ లేచింది. కిక్కిస అవతల, మా దోనెకి సరిసమానంగా, ఎవరో గెడ వేస్తున్న చప్పుడు గట్టు దాకా వచ్చింది. గట్టు దగ్గర వెనక్కి చూస్తే గడ్డి కూడా కదలటం లేదు. తాతయ్యకి వినపడిందో లేదో నాకు తెలియదు. ఆయన మాత్రం గట్టెక్కాక కాసేపు అటే చూస్తూ నిలబడి, నా చెయ్యి పట్టుకున్నారు.

ఆ తరవాత ప్రతి వేసవిలోనూ సూరమ్మ వచ్చి, అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, కొత్త దారం కట్టి, మామ్మ చేత బొట్టు పెట్టించుకుని వెళ్లేది. ఎండు రొయ్యల పొట్లం ఒకటి ఇచ్చేది. తాతయ్య ఆవిడని దారం మీద దారం ఎందుకని ఆటపట్టిస్తే, "గుర్తుంచుకోవాల గదండి, ఏ చూరు కిందికి రావాలో" అనేది. గాజులతోనే పోయింది. ఆ కబురు కూడా కార్డు మీదే వచ్చింది. తాతయ్య వీధిలో నిలబడి చదివి, ఆనవాయితీ ప్రకారం చింపేశారు.

తాతయ్య పోయినప్పుడు నాన్నగారు కూర్చుని ఎన్నో కార్డులు రాశారు, మూలలకి నల్ల సిరా నేనే పూశాను. అందుకున్నవాళ్లందరూ చదివి చింపేసి ఉంటారు. ఒక్కటీ ఎక్కడా మిగల్లేదు. తాతయ్య పెట్టె ప్రకారం ఇప్పటికీ ఈ జిల్లాలో ఎవరూ పోలేదు.

ప్రదీప్ ఇదంతా విని చాలాసేపు గొట్టం వైపే చూశాడు. ఇప్పుడు ముద్ర విప్పకుండానే, మడత కదపకుండానే లోపలి రాత చదివే మిషన్లు వచ్చాయనీ, తనకి తెలిసినవాళ్లున్నారనీ, ఉత్తరానికి ఏ హానీ ఉండదనీ ఎంతో మర్యాదగా చెప్పాడు. వద్దన్నాను. అతను తప్పుగా అనుకోలేదు. దారాల వైపు వంగి చూస్తూ, "ఈ పైన పసుపుది మాత్రం పాతది కాదు కదండీ?" అన్నాడు.

"కాదండీ."

"సార్ ఇంట్లో లేరాండీ?"

"రావడం ఆలస్యమవుతోంది" అన్నాను.

అప్పుడే ఫోను మళ్లీ మోగింది. గొట్టం కింద పిట్టగోడ మీదే ఉంటుందది. ఇద్దరం దానివంకే చూస్తూ, అది ఆగేదాకా నిలబడ్డాం. అతను ఇంకేమీ అడక్కుండా, దండం పెట్టి వెళ్లిపోయాడు.

మొన్నటి వానల్లో మా వారు రోజూలాగే తెల్లవారుజామున కృష్ణా కాలువ గట్టు మీద నడకకి వెళ్లారు. చెప్పులు రేవు మెట్ల మీద ఉన్నాయి. దిగువన ఎక్కడో ఎవరో దొరికారనీ, వచ్చి చూసి చెప్పాలనీ పోలీస్ స్టేషన్ నుంచి ఫోను చేస్తూనే ఉన్నారు. కార్యం చెయ్యాలని గూడెం నుంచి మా చెల్లెలు పోరుతోంది.

ఇప్పుడు తాటాకు ఇళ్లు లేవు. కొల్లేట్లో కిక్కిస ఉన్న చోట చేపల చెరువులున్నాయి. అరుగులు పోయి గేట్లు వచ్చాయి. దారినపోయేవాడు కూర్చునే చోటు ఊళ్లో లేదు. మూల నల్ల సిరా పూసిన కార్డుని మా వీధి పిల్లలెవరూ చూడలేదు. తల వంచుకుని వీధిలో నిలబడే పోస్టుమ్యానూ లేడు. కబురు ఇప్పుడు ఎవరినీ అడక్కుండా గడప దాటి, వంటగదిలోకీ దిండు కిందికీ వచ్చి మోగుతుంది. అందుకే నా ఫోను వసారా దాటనివ్వను. ఈ ఇల్లు కట్టి, తాతయ్య అరుగు మీది గొట్టాన్ని ఈ చూరుకి మార్చినప్పుడు, వసారాకి గేటు పెట్టిస్తానని మా వారు అంటే, వద్దని పోట్లాడి ఆపాను. ఆ పోట్లాట ఎందుకు పనికొచ్చిందో ఇప్పుడు తెలుస్తోంది.

సాయంత్రం గొట్టం కింద చెంబుతో నీళ్లు పెడతాను. రోజూ పొద్దున నిండుగానే ఉంటుంది, మొక్కలకి పోసేస్తాను. ఈ ఉదయం ఎత్తితే చెంబు తేలిగ్గా ఉంది. కాకులు తాగి ఉంటాయి. డైరీలో అలాగే రాసుకున్నాను, వేరే పేజీలో.